కొత్త రొమ్ముకు స్పర్శ వస్తుందా? ఆపరేషన్‌కు ముందే అడగాల్సిన ప్రశ్న

రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయి ఇంటికొచ్చిన మనిషికి భుజం పట్టేసిందనో, ఛాతీ బిగుసుకుపోయిందనో పెద్దవాళ్లు కాపడం పెడతారు. నెల్లూరులో అయినా, కందుకూరు వైపు పల్లెల్లో అయినా ఇది మామూలే. ఉప్పు వేయించి గుడ్డలో మూటగట్టి అద్దుతారు, లేదంటే వేడినీళ్ల సంచి పెడతారు. "కాలుతోందా?" అని అడిగితే ఆమె "ఏం లేదు, ఇంకాసేపు ఉంచు" అంటుంది. తెల్లారేసరికి అక్కడ బొబ్బలు. వేడి తగిలింది గానీ ఆ కబురు మెదడుకు చేరలేదు. దాన్ని మోసుకెళ్లే నరాలు ఆపరేషన్‌లో తెగిపోయాయి. పునర్నిర్మించిన రొమ్ము ఇలా వేడినీళ్ల సంచులతో, హీటింగ్ ప్యాడ్లతో, ఆఖరికి ఎండకు కూడా కాలిన కేసులు వైద్య పత్రికల్లో ఎన్నో నమోదయ్యాయి.

రొమ్ము తీసేసి, ఆ స్థానంలో కొత్తది నిర్మించడం గురించి మాట్లాడేటప్పుడు మాటంతా ఆకారం చుట్టూనే తిరుగుతుంది. రెండు వైపులా సమానంగా ఉంటుందా, జాకెట్టు సరిగ్గా అమరుతుందా, మచ్చ ఎంత కనిపిస్తుంది, ఇవీ ప్రశ్నలు. స్పర్శ ఊసు చాలాసార్లు డాక్టరు ఎత్తరు, పేషెంటు అడగరు. ఓపీలో పక్కన భర్తో తమ్ముడో నిలబడి ఉంటే అడగడానికి నోరు అసలే రాదు. తర్వాతెప్పుడో "అక్కడ ముట్టుకుంటే నాది కానట్టు ఉంది" అని ఆమె అంటే, "ప్రాణం దక్కింది, ఇంకేం కావాలి" అనే జవాబు ఇంట్లో సిద్ధంగా ఉంటుంది. ఆ మాటలో ప్రేమ ఉంది, కాదనలేం. కానీ ఆమె అడిగినదానికి అది జవాబు కాదు. స్పర్శ ఎంత పోతుంది, ఎంత తిరిగొస్తుంది అనేది చాలావరకు మొదటి ఆపరేషన్ టేబుల్ మీదే తేలిపోతుంది. కాబట్టి కుట్లు విప్పాక అడిగితే ఆలస్యమైనట్టే. అంగీకార పత్రం మీద సంతకం పెట్టకముందే అడగాలి.

తెగేది ఎక్కడ

రొమ్ముకు స్పర్శనిచ్చే నరాలు పక్కటెముకల సందుల్లోంచి వస్తాయి. (సెలైన్ ఎక్కించడానికి "నరం దొరకలేదు" అంటారే, అది రక్తనాళం. ఇది వేరు.) రెండో పక్కటెముక మొదలు ఆరోదాకా ఒక్కో సందులోని నరానికి చర్మం వైపు వచ్చే కొమ్మలు రెండు ఉంటాయి. ఒకటి ఛాతీ మధ్య ఎముక పక్కన బయటికొస్తుంది, రెండోది చంక కిందుగా పక్క భాగంలో. చనుమొనకు ముఖ్యంగా అందేది నాలుగో నరం పక్క కొమ్మ. అది రొమ్ము అడుగున ఛాతీ కండరాన్ని అంటుకుని కొంత దూరం వచ్చి, రొమ్ము కణజాలం మధ్యలోంచి పైకెక్కి చనుమొన దగ్గర విచ్చుకుంటుంది.

క్యాన్సర్ సర్జన్ పని ఆ కణజాలాన్ని వీలైనంత పూర్తిగా తీసేయడం. దాంతోపాటే నరమూ పోతుంది. ఇందులో ఎవరి అజాగ్రత్తా లేదు. చర్మాన్ని మిగిల్చే పద్ధతిలో చేసినా, చనుమొనను అలాగే ఉంచి లోపలి భాగం మాత్రమే తీసినా ఈ విషయంలో పెద్ద తేడా రాదు. చర్మం ఉంటుంది, దాని కిందికి వచ్చే నరం ఉండదు. అద్దంలో చూస్తే అన్నీ ఉన్నట్టే ఉండి, ముట్టుకుంటే ఏమీ తెలియకపోవడం ఈ ఆడవాళ్లను ఎక్కువ కలవరపెడుతుంది. ముందుగా ఎవరైనా ఒక్క మాట చెప్పి ఉంటే అందులో సగం కలవరం తగ్గేది.

మెడ నుంచి కాలర్ ఎముక మీదుగా దిగే నరాల జోలికి ఈ ఆపరేషన్ వెళ్లదు. అందుకే ఛాతీ పైభాగంలో స్పర్శ మామూలుగానే ఉంటుంది. వేలితో మెల్లగా కిందికి రాసుకుంటూ వస్తే ఒకచోట తెలియడం తగ్గి, ఇంకాస్త కిందికి వచ్చేసరికి ఆగిపోతుంది. చంకలోని లింఫ్ గ్రంథులను (వాడుకలో వీటినీ గడ్డలనే అంటారు) తీసేటప్పుడు మరో నరం దెబ్బతింటుంది. రెండో పక్కటెముక సందులోంచి చేతికి వెళ్లే నరం అది. దాంతో చంక నుంచి మోచేతి పైదాకా చేయి లోపలి వైపు మొద్దుబారుతుంది. గడ్డలన్నీ తీయకుండా మొదటి ఒకటి రెండు మాత్రమే తీసి పరీక్షించే సెంటినల్ నోడ్ బయాప్సీలో ఈ నష్టం తక్కువ.

స్పర్శ నిలవడానికి అన్నిటికంటే గట్టి దారి రొమ్మును తీయకుండా గడ్డను, దాని చుట్టూ కొంత భాగాన్ని మాత్రమే తీసి రేడియేషన్ ఇవ్వడం. అలా చేస్తే నరాలు చాలావరకు మిగులుతాయి. తొలిదశలో ఉన్నవాళ్లకు ఈ పద్ధతిలో ఆయుష్షు ఏమీ తగ్గదని అమెరికాలో బెర్నార్డ్ ఫిషర్ బృందం 1985లోనే చూపించింది. మన దగ్గర చిక్కు వేరే ఉంది. 2022లో దేశంలో కొత్తగా దాదాపు 1.92 లక్షల మందికి రొమ్ము క్యాన్సర్ వచ్చిందని గ్లోబోకాన్ లెక్క. వాళ్లలో గడ్డ చిన్నగా ఉండగానే ఆసుపత్రికి వచ్చేవాళ్లు తక్కువ. నొప్పి లేదు కదా అని, పిల్ల పెళ్లి అయ్యాక చూపిద్దామని, కోతలయ్యాక వెళదామని నెలలు గడిచిపోతాయి. అప్పటికి రొమ్ము మొత్తం తీయక తప్పని పరిస్థితి వస్తుంది.

నరం కలిపితే ఏమవుతుంది

కొత్త రొమ్మును కట్టడానికి దారులు ప్రధానంగా రెండు. ఒకటి సిలికాన్ ఇంప్లాంట్. అమెరికాలోని హ్యూస్టన్‌లో 1962లో మొదటిసారి అమర్చారు. రెండోది ఒంట్లోనే ఇంకోచోట నుంచి చర్మం, కొవ్వు తెచ్చి అమర్చడం. వీపు కండరాన్ని దాని రక్తనాళంతో సహా ముందుకు తిప్పి వాడే పద్ధతికి నూరేళ్లకు పైగా చరిత్ర ఉంది. దానికి మైక్రోస్కోప్ అక్కర్లేదు గనక మన దేశంలో ఇప్పటికీ విరివిగా చేస్తారు. బొడ్డు కింది కొవ్వును, పొట్ట కండరం జోలికి పోకుండా, సన్నటి రక్తనాళాలతో తీసి ఛాతీ మీద కలిపే డీప్ ఫ్లాప్ పద్ధతి తర్వాత వచ్చింది. జపాన్‌లో కోషిమా 1989లో దీనికి బాట వేస్తే, అమెరికాలో రాబర్ట్ అలెన్ రొమ్ముకు వాడిన ఫలితాలను 1994లో ప్రచురించారు.

స్పర్శ విషయంలో ఎక్కువ పని జరిగింది ఈ డీప్ ఫ్లాప్‌లోనే. కారణం సర్జన్ చేతికి అందే దూరం. పొట్ట నుంచి తెచ్చిన ముక్కకు రక్తం అందించడానికి ఛాతీ ఎముక పక్కన, సాధారణంగా మూడో పక్కటెముక దగ్గర, లోపలి రక్తనాళాలను బయటికి తెస్తారు. స్పర్శ నరం కొమ్మ కూడా సరిగ్గా ఆ పక్కనే ఉంటుంది. పొట్ట ముక్కలోనూ రక్తనాళంతో పాటు పదో పక్కటెముక నుంచి పన్నెండో దాకా ఉన్న నరాల కొమ్మలు వస్తాయి. రక్తనాళాలు కలపడానికి మైక్రోస్కోప్ ఎలాగూ సిద్ధంగా ఉంది, వెంట్రుక కంటే సన్నటి దారమూ ఉంది. ఈ కొమ్మను ఆ కొమ్మకు కలిపితే సరిపోతుంది. రెండు కొనలు అందకపోతే మధ్యలో గొట్టం లాంటి కండ్యూట్ గానీ, దానంగా వచ్చిన మృతదేహం నుంచి తీసి శుద్ధి చేసిన నరం ముక్క గానీ వేస్తారు. గంటల కొద్దీ సాగే ఆపరేషన్‌లో దీనికి అదనంగా పట్టే సమయం కొంచెమే. అయినా అన్నిచోట్లా చేయడం లేదు. ఆకారం నిలబడి, ముక్క బతికితే ఆపరేషన్ సక్సెస్ అనే లెక్క బాగా పాతుకుపోయింది మరి.

నరం కలపడం తెగిన కరెంటు తీగను అతికించడం లాంటిది కాదు. తీగ కలిపిన మరుక్షణం బల్బు వెలుగుతుంది. నరం అలా కాదు. తెగిన చోటి నుంచి అవతలి భాగంలోని పోగులు కొద్ది రోజుల్లోనే చచ్చిపోతాయి. 1850లో ఆగస్టస్ వాలర్ కప్ప నాలుక నరాలను కోసి చూసి ఈ సంగతి కనిపెట్టారు. అవతల మిగిలేది ఖాళీ గొట్టం, దాని గోడలకు అంటుకుని ఉండే ష్వాన్ కణాలు. ఇవతలి కొన నుంచి కొత్త పోగు మొలిచి, ఆ కణాలు చూపే దారిలో గొట్టంలోకి దూరి, మెల్లగా చర్మందాకా పాకాలి. దాని వేగం రోజుకు సుమారు 1 మిల్లీమీటరు. అంటే నెలకు 3 సెంటీమీటర్లు. మొదట్లో మొలకెత్తడానికే కొన్ని వారాలు పోతాయి. పక్కటెముక దగ్గర్నుంచి కొత్త రొమ్ము చర్మం దాకా ఉన్న దూరం లెక్కేస్తే మొదటి ఆరు నెలల్లో పెద్దగా ఏమీ తెలియకపోయినా టెన్షన్ పడాల్సిన పని లేదు. ఏడాది, రెండేళ్ల దాకా మార్పు వస్తూనే ఉంటుంది.

పొట్ట చర్మమే అయినా, అందులోకి పాకేది ఛాతీ నరం. కాబట్టి స్పర్శ వచ్చాక అక్కడ ముట్టుకుంటే మెదడుకు ఛాతీ మీద ముట్టుకున్నట్టే అందుతుంది. పొట్టను ముట్టుకున్నట్టు ఉంటుందా అన్నది చాలామంది అడగాలనుకుని అడగలేని ప్రశ్న.

ఇంప్లాంట్ వేసినప్పుడు కథ మారుతుంది. అక్కడ తెచ్చి పెట్టిన ముక్క లేదు, దానితో వచ్చిన నరమూ లేదు. శాన్ ఫ్రాన్సిస్కోలో ఆన్ పెలెడ్, జివ్ పెలెడ్ అనే సర్జన్లు 2019లో ఒక పద్ధతిని ప్రచురించారు. చనుమొనను ఉంచే ఆపరేషన్‌లో నాలుగో నరం కొమ్మ వీలైతే తెగకుండా కాపాడతారు. వీలుకాకపోతే దాని మొదలును చంక వైపు గుర్తించి, దానం వచ్చిన నరం ముక్కతో చనుమొన కింది నరం కొనలకు కలుపుతారు. వినడానికి తేలిగ్గా ఉంది గానీ, క్యాన్సర్ కణజాలం ఏమాత్రం మిగలకుండా తీస్తూనే నరాన్ని కాపాడాలి. గడ్డ చనుమొనకు దగ్గరగా ఉన్నవాళ్లకు ఇది కుదరదు. జబ్బును వదిలించడం ముందు, స్పర్శ తర్వాత. ఆ వరసను ఏ సర్జనూ తిరగేయకూడదు.

ఫలితాలు ఎలా ఉన్నాయి? నరం కలపకపోయినా చుట్టుపక్కల చర్మం నుంచి పోగులు పాకి కొంత స్పర్శ రావచ్చు. కానీ అది ఎంత, ఎక్కడ అన్నది చెప్పలేం. అంచుల్లో వస్తుంది, మధ్యలో మొద్దుగా ఉండిపోతుంది. కలిపినవాళ్లలో స్పర్శ త్వరగా, ఎక్కువ మేర వస్తోందని నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్ బృందం కొలిచి చూపించింది. కొలిచే పరికరం మన షుగరు క్యాంపుల్లో పాదాలకు ఆనించి "తెలుస్తోందా?" అని అడిగే నైలాన్ దారమే. దారం మందాన్ని బట్టి అది వంగడానికి పట్టే ఒత్తిడి మారుతుంది. ఎంత సన్నటి దారం తెలిస్తే స్పర్శ అంత బాగున్నట్టు. అయితే ఈ అధ్యయనాల్లో చాలావాటిలో మనుషులు తక్కువ, కొలిచే తీరు ఒక్కో చోట ఒక్కోలా ఉంది. దారం పరీక్షలో మంచి ఫలితం వచ్చినా మనిషి మాత్రం "ఏదో గుడ్డ మీంచి ముట్టుకున్నట్టుంది" అనడం కూడా ఉంది.

ఇక్కడ ఆశను కాస్త అదుపులో పెట్టుకోవాలి. తిరిగొచ్చేది ముందుగా ఒత్తిడి, గట్టిగా తగిలితే తెలియడం, వేడి చల్లదనాల తేడా కొంత. దీన్నే రక్షణ స్పర్శ అంటారు. కాలకుండా, గాయం కాకుండా కాపాడేది అదే. మనవడు ఎదకు హత్తుకుంటే తెలిసే ఆ మెత్తదనం కొందరికే వస్తుంది. దాంపత్యంలో ఉండే సుఖస్పర్శ మునుపటిలా రావడం అరుదు. ఆ మాట చెప్పడానికి డాక్టర్లు మొహమాటపడతారు, వినడానికి ఆడవాళ్లు సిగ్గుపడతారు. నర్సమ్మ ద్వారా అయినా ఆ మాట చెప్పి తీరాలి. చెప్పకుండా వదిలేసిన చోట భర్త ముట్టుకున్నా భార్యలో స్పందన లేదంటే ఆమె మనసు విరిగిందని అపార్థం చేసుకునే ప్రమాదం ఉంది.

స్పర్శను వైద్యం ఎంత ఆలస్యంగా పట్టించుకుందో తెలియడానికి ఒక ఉదాహరణ చాలు. రొమ్ము ఆపరేషన్ల తర్వాత సంతృప్తిని కొలవడానికి ప్రపంచమంతా వాడే బ్రెస్ట్ క్యూ అనే ప్రశ్నావళి 2009లో వచ్చింది. అందులో స్పర్శకంటూ ప్రత్యేక భాగం 2021లో గానీ చేరలేదు. ఇప్పుడు షికాగో విశ్వవిద్యాలయంలో స్టేసీ లిండౌ బృందం చర్మం కింద సెన్సర్లు పెట్టి, పక్కటెముక నరాలకు చిన్న విద్యుత్ సంకేతాలు పంపే పరికరం మీద పనిచేస్తోంది. అది పరిశోధన దశలోనే ఉంది. దాని కోసం ఆపరేషన్ వాయిదా వేసుకోవాల్సిన పని ఎవరికీ లేదు.

నెల్లూరు నుంచి, ఒంగోలు నుంచి

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో రొమ్ము తీసే ఆపరేషన్ దగ్గర్లోనే చేయించుకోవచ్చు. కానీ మైక్రోస్కోప్ కింద రక్తనాళం, నరం కలిపే టీమ్ కావాలంటే పెద్ద ఊరు పోక తప్పదు. నెల్లూరువాళ్లకు చెన్నై దగ్గర. తిరుపతి, వేలూరు కూడా వెళుతుంటారు. ఒంగోలువాళ్లు ఇటు చెన్నైకీ అటు గుంటూరు, విజయవాడ, హైదరాబాదులకీ చీలిపోతారు. పొద్దున వెళ్లి రాత్రికి తిరిగొచ్చే ఓపీ ప్రయాణాలు ఈ కుటుంబాలకు కొత్తేం కాదు. దూరం కంటే పెద్ద ఇబ్బంది వరసలో ఉంది. చాలామంది రొమ్ము తీయించుకుని, కీమో, రేడియేషన్ అయ్యాక, ఏడాదికో రెండేళ్లకో ప్లాస్టిక్ సర్జన్ దగ్గరికి వెళతారు. అప్పటికి తెగిన నరం కొన మచ్చలో కూరుకుపోయి ఉంటుంది. రేడియేషన్ పడిన చోట కణజాలం గట్టిపడి ఉంటుంది. అలా ఆలస్యంగా నిర్మించేటప్పుడు కూడా నరం కలపడం సాధ్యమే గానీ వెతకడం కష్టం, ఫలితం తగ్గుతుంది.

కాబట్టి రొమ్ము తీయకముందే ప్లాస్టిక్ సర్జన్‌ను ఒక్కసారి కలవడం మంచిది. పునర్నిర్మాణం వెంటనే చేయించుకోకపోయినా సరే. క్యాన్సర్ సర్జన్‌ను మూడు సంగతులు అడిగితే చాలు. నా గడ్డకు రొమ్ము మొత్తం తీయాల్సిందేనా, చంకలో గడ్డలన్నీ తీస్తారా లేక ఒకటి రెండా, నరం కొమ్మను వదిలే వీలుందా. ప్లాస్టిక్ సర్జన్‌ను అడగాల్సింది ఒక్కటే: మీరు నరం కలుపుతారా, ఇప్పటిదాకా ఎంతమందికి కలిపారు? "ఏం పర్వాలేదమ్మా, అదే వస్తుంది" అనే జవాబు వస్తే అది జవాబు కిందికి రాదు. ఖర్చు సంగతి వస్తే ప్రభుత్వ ఆరోగ్య పథకంలో ఏది కవరవుతుంది, ఏది కాదు అన్నది ఆసుపత్రిలో ఆ పథకం చూసే సిబ్బందిని అడిగి, వీలైతే కాగితం మీద రాయించుకోవాలి. అమెరికాలో రొమ్ము తీయడానికి డబ్బిచ్చే బీమా సంస్థ పునర్నిర్మాణానికీ ఇవ్వాల్సిందేనని 1998లో చట్టం చేశారు. మన దగ్గర అలాంటి గట్టి నియమం లేకపోవడం వల్లే ఈ ఆపరేషన్ ఇంకా ఉన్నవాళ్ల సోకు అనే మాట వినిపిస్తోంది.

నరం తిరిగి మొలవడానికి అడ్డుపడేవి కొన్ని మన చేతిలో ఉన్నాయి. షుగరు అదుపులో లేకపోతే మొలక మందగిస్తుంది. పొగ తాగడం, పొగాకు నమలడం సన్నటి రక్తనాళాలను కుదించేస్తాయి, దాంతో తెచ్చి పెట్టిన ముక్కకే ముప్పు. పొగాకు పండించే ఒంగోలు ప్రాంతంలో ముసలమ్మలు చుట్ట కాల్చడం ఇంకా అక్కడక్కడా కనిపిస్తుంది. ఆపరేషన్‌కు కొన్ని వారాల ముందే మానేయాలి. వయసు, రేడియేషన్ మన చేతిలో లేవు.

గంజి, పిన్నీసు, లంగా బొందు

ఇప్పటిదాకా చెప్పింది కొద్దిమందికి అందే వైద్యం. ఈ జిల్లాల్లో రొమ్ము తీయించుకున్న ఆడవాళ్లలో ఎక్కువమంది పునర్నిర్మాణం జోలికే వెళ్లరు. బ్రాలో ప్యాడ్ పెట్టుకునో, దూది మడతలు కుట్టించుకునో సర్దుకుంటారు. వాళ్ల ఛాతీ కూడా మొద్దుబారే ఉంటుంది. డిశ్చార్జి కాగితంలో మందుల పేర్లుంటాయి, మళ్లీ రావాల్సిన తేదీ ఉంటుంది, ఈ జాగ్రత్తలు మాత్రం సాధారణంగా ఉండవు.

ముందుగా, ఆ వైపు ఛాతీ మీద, చంకలో, చేతి మీద ఏ రకమైన కాపడమూ వద్దు. ఉప్పు మూట, ఇటుక, వేడినీళ్ల సంచి, కరెంటు ప్యాడ్, ఏదైనా అంతే. ఐస్ ముక్కలు నేరుగా పెట్టడమూ ప్రమాదమే. స్నానానికి నీళ్ల వేడి చూడటానికి చాలామంది చేయి పెడతారు. ప్యాక్లిటాక్సెల్ లాంటి కీమో మందు వాడినవాళ్లకు వేళ్ల చివర్లే తిమ్మిరెక్కి ఉంటాయి, వాటికి వేడి సరిగా తెలియదు. ఆపరేషన్ కాని వైపు మోచేతితో చూడాలి, లేదంటే ఇంట్లో ఇంకొకరిని చూడమనాలి.

వంటింట్లో జాగ్రత్త ఇంకా అవసరం. గంజి వార్చేటప్పుడు గిన్నె ఛాతీ ఎత్తుకు వస్తుంది, ఆవిరి ఎదకే కొడుతుంది. తాలింపు నూనె చిట్లి జాకెట్టు మీద పడితే చురుక్కుమనాలి, అనదు. చిక్కటి చేపల పులుసు అయితే గుడ్డకు అంటుకుని అక్కడే ఉండిపోతుంది. ముందు మందపాటి గుడ్డ కట్టుకుని, గంజి వార్చే పని కుక్కర్‌కో ఇంకొకరికో అప్పగిస్తే నయం. రోహిణి కార్తె ఎండలో బస్టాండులో నిలబడితే నల్లపూసల గొలుసు, లాకెట్టు కాగుతాయి. అవి మొద్దు చర్మం మీద ఆనుకుని ఉంటే తెలియదు. పొగాకు బ్యారన్ల దగ్గర వేడి గొట్టాల పక్కన పనిచేసేవాళ్లు, రొయ్యల ఫ్యాక్టరీల్లో ఐసు మధ్య గంటలు గంటలు నిలబడేవాళ్లు తమ మేస్త్రీకి విషయం చెప్పి చోటు మార్పించుకోవడం మేలు. చెప్పడానికి సిగ్గయితే చేయి ఆపరేషన్ అని చెప్పినా నష్టం లేదు.

పైటకు పెట్టే పిన్నీసు సంగతి ఎవరూ ఊహించరు. ఛాతీ మీద గుచ్చిన పిన్ను ఊడి చర్మంలో దిగబడినా, సాయంత్రం జాకెట్టు మీద రక్తపు చుక్క చూసేదాకా తెలియకపోవచ్చు. బ్రా తీగ ఒరుసుకుని పుండు పడటమూ అంతే. చంకలో గడ్డలు తీసిన వైపు చేతికి చిన్న గాయమైనా ఇన్ఫెక్షన్ సోకి, చేయి వాపు మొదలయ్యే ప్రమాదం ఉంది. పొట్ట నుంచి ముక్క తీసినవాళ్లకు బొడ్డు కింది భాగం కూడా చాలాకాలం మొద్దుగా ఉంటుంది. సరిగ్గా అక్కడే లంగా బొందు బిగిస్తారు, కుచ్చిళ్లు దోపుతారు. బొందు కోసుకుపోయి ఎర్రటి గీత పడినా నొప్పి ఉండదు. వెడల్పాటి నాడా వేయించుకోవడం, ముడి పక్కకు మార్చుకోవడం మంచిది. వీపు కండరం వాడినవాళ్లు కుర్చీ అంచు, బస్సు సీటు రాపిడి చూసుకోవాలి.

రోజుకొకసారి, స్నానం అయ్యాక అద్దం ముందు నిలబడి చూసుకోవడం ఒక్కటే వీటన్నిటికీ మందు. నొప్పి చేయాల్సిన కాపలా పని ఇక కంటితో చేయాలి. ఎరుపు, పొక్కులు, కొత్త గట్టిదనం, చర్మం మీద చిన్న బొడిపె ఏది కనిపించినా డాక్టరుకు చూపించాలి. జబ్బు తిరగబెట్టినా ఆ చోట నొప్పి రూపంలో తెలియకపోవచ్చు కాబట్టి ఈ అలవాటు రెండు విధాలా ఉపయోగం.

మెదడుకు మళ్లీ నేర్పడం

నరం చేరినంత మాత్రాన పని పూర్తికాదు. నెలల తరబడి కబురు లేని చోటును మెదడు పక్కన పెట్టేసి ఉంటుంది. కొత్తగా వచ్చే సంకేతాలు కలగాపులగంగా ఉంటాయి. వాటికి అర్థం చెప్పుకోవడం మెదడుకు అలవాటు చేయాలి. చేతి నరాల ఆపరేషన్ల తర్వాత ఫిజియోథెరపిస్టులు ఎన్నాళ్లుగానో చేయిస్తున్న స్పర్శ శిక్షణనే ఇక్కడా వాడుతున్నారు. గాయం పూర్తిగా మాని, సర్జన్ సరేనన్నాక మొదలుపెట్టాలి. దూది, పట్టు ముక్క, పాత నూలు చీర పీలిక, టర్కీ టవలు తీసుకుని ఒక్కొక్కటిగా మొద్దు చర్మం మీద మెల్లగా రాయాలి. ముందు కళ్లు తెరిచి, అద్దంలో చూస్తూ. తర్వాత అదే గుడ్డను రెండో వైపు రొమ్ము మీద రాసి, అక్కడ ఎలా ఉందో గుర్తుపెట్టుకుని, కళ్లు మూసుకుని మళ్లీ ఇటువైపు. రోజుకు రెండు మూడు సార్లు, ఒక్కోసారి ఐదారు నిమిషాలు చాలు. రోజూ చేయడం ముఖ్యం, ఎక్కువసేపు చేయడం కాదు. నరం కలపనివాళ్లు కూడా చేయవచ్చు. మిగిలిన నరాల నుంచి వచ్చే కొద్దిపాటి స్పర్శనైనా ఇది గుర్తుపట్టేలా చేస్తుంది, పైగా ఆ చోటును ముట్టుకోవడానికే జంకే స్థితి పోతుంది.

స్పర్శ వచ్చే ముందు వింత వింతగా ఉంటుంది. చీమలు పాకినట్టు, జివ్వుమని కరెంటు కొట్టినట్టు, గోకినా తీరని దురదలా. మచ్చ దగ్గర వేలితో తడితే దూరంగా ఎక్కడో జిల్లుమంటుంది. ఇది నరం మొలుస్తోందనడానికి గుర్తుగా 1915 నుంచి డాక్టర్లు వాడుతున్న పరీక్షే. తీసేసిన రొమ్ములోనే, లేని చనుమొనలోనే దురదగానో నొప్పిగానో అనిపించడం కూడా కొందరికి ఉంటుంది. అది పిచ్చీ కాదు, దిష్టీ కాదు. కాలు తీసేసినవాళ్లకు లేని కాలు నొప్పి పుట్టడం లాంటిదే. అయితే గోకేటప్పుడు గోళ్లు దిగినా తెలియదు గనక అరచేతితో మాత్రమే రుద్దుకోవాలి.

వచ్చిపోయే జివ్వుమనేది ఒకటి, వదలని మంట ఇంకొకటి. మూడు నెలలు దాటినా ఛాతీ, చంక, చేయి మండుతూనే ఉంటే, జాకెట్టు గుడ్డ తగిలినా ఓర్చుకోలేకపోతే, మచ్చ మీద ఒకే బిందువు దగ్గర నొక్కగానే ప్రాణం పోయినట్టుంటే అది నరం కోలుకోవడం కాకపోవచ్చు. తెగిన కొన మచ్చలో ముడిపడి ఉండొచ్చు, లేదా రొమ్ము ఆపరేషన్ తర్వాత వచ్చే దీర్ఘకాలిక నొప్పి కావచ్చు. దీనికి మామూలు నొప్పి మాత్రలు పనిచేయవు. ఊళ్లో మెడికల్ షాపులో అడిగి కొనుక్కునేవి అసలే వద్దు. గాబాపెంటిన్, ప్రీగాబాలిన్ లాంటి నరాల మందులు డాక్టరు రాస్తేనే, మోతాదు మెల్లగా పెంచుతూ వాడాలి. నరం దగ్గర మత్తు ఇంజెక్షన్ ఇచ్చి చూస్తారు, ముడి ఉన్నట్టు తేలితే దాన్ని విడదీసే ఆపరేషన్లు ఉన్నాయి. ఈ నొప్పితో వెళ్లాల్సింది ఆపరేషన్ చేసిన సర్జన్ దగ్గరికి, లేదంటే నొప్పి చికిత్స క్లినిక్ ఉన్న పెద్దాసుపత్రికి. వెళ్లేటప్పుడు ఎక్కడ మొద్దుగా ఉంది, ఎక్కడ మండుతోంది అనేది ఇంట్లోనే పెన్నుతో చర్మం మీద గీత గీసుకుని, ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకుంటే పది నిమిషాల ఓపీలో డాక్టరుకు చూపించడం తేలిక. మూడు నెలలకోసారి అదే గీత మళ్లీ గీస్తే మొద్దు భాగం తగ్గుతోందో లేదో కూడా తెలుస్తుంది.